ఎంత శుద్ధి చేస్తే చాలు?

నూనె మిల్లు వెనక జిడ్డోడే మట్టిని చిటికెడు తెచ్చి నీళ్లలో కలిపి, ట్రైబ్యూటిరిన్ అనే కొవ్వు కలిపిన అగర్ పళ్లెం మీద పూస్తారు. పళ్లెం పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో బ్యాక్టీరియా మచ్చలు మచ్చలుగా పెరుగుతుంది. కొన్ని మచ్చల చుట్టూ మాత్రం తెలుపు విరిగి, గాజులాంటి వలయం కనిపిస్తుంది. అక్కడ కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమ్ ఉండవచ్చనడానికి అదే తొలి ఆనవాలు.

కొవ్వు అణువు పెద్దది. బ్యాక్టీరియా దాన్ని అలాగే మింగలేదు కాబట్టి ఎంజైమ్‌నే బయటికి వదులుతుంది. కొవ్వు ముక్కలయ్యాక వాటిని లోపలికి లాక్కుంటుంది. ఈ అలవాటు మనకు కలిసొచ్చింది. కణాలను పగలగొట్టే పని లేదు. బ్యాక్టీరియాను పెంచిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు అడుక్కు చేరి, లైపేజ్ పైతేటలో మిగులుతుంది.

ఆ తేటలో ఇతర ప్రొటీన్లు, లవణాలు, మిగిలిపోయిన నూనె కూడా ఉంటాయి. ఫ్యాక్టరీలో సన్నని రంధ్రాల పొరల గుండా నెట్టి నీళ్లు తగ్గిస్తారు. ప్రయోగశాలలో అమ్మోనియం సల్ఫేట్ వేస్తారు. పొలంలో చల్లే ఎరువే ఇది, మరింత శుద్ధమైన రూపంలో. అది నీటిని తనవైపు లాగేసుకోవడంతో ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకుని అడుక్కు దిగుతాయి. తర్వాత పూసలు నింపిన గొట్టాలైన కాలమ్‌ల వంతు. ఒకటి విద్యుదావేశాన్ని బట్టి, మరొకటి పరిమాణాన్ని బట్టి వేరు చేస్తుంది.

పని ఎంత బాగా జరిగిందో లెక్క కట్టాలి. మొదట్లో 1000 మిల్లీగ్రాముల ప్రొటీన్, 2000 యూనిట్ల ఎంజైమ్ శక్తి ఉన్నాయనుకుందాం. అంటే మిల్లీగ్రాముకు 2 యూనిట్లు. చివరికి 50 మిల్లీగ్రాములు, 1000 యూనిట్లు మిగిలితే మిల్లీగ్రాముకు 20. శుద్ధి 10 రెట్లు పెరిగింది, ఎంజైమ్ సగం పోయింది. బియ్యం చెరిగేటప్పుడు ఊకతోపాటు మంచి గింజలూ ఎగిరిపోతాయి కదా. మెట్టుకు 80 శాతం దక్కించుకున్నా, ఐదు మెట్లు దాటేసరికి మిగిలేది మూడో వంతుకన్నా తక్కువ. అందుకే ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ పనిలో అసలైన నేర్పు అని నా నమ్మకం.

బట్టల సబ్బుపొడిలో వేసే లైపేజ్‌కు కాలమ్‌ల శుద్ధి అక్కర్లేదు. గాఢత, నిలకడ ఉంటే చాలు. అక్కడ పట్టించుకోవాల్సింది దుమ్మును. బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్ పొడి పీల్చిన డిటర్జెంట్ కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయని 1969లో బ్రిటన్ వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అది ప్రొటీన్‌ను కరిగించే ఎంజైమే అయినా, పాఠం అన్ని ఎంజైమ్‌లకూ వర్తిస్తుంది. పొడికి బదులు పైపూత వేసిన గుళికలు వాడటం కార్మికుల ఊపిరికి రక్ష.

మందుల తయారీలో పరిస్థితి వేరు. గుండెనొప్పికి, రక్తపోటుకు ఇచ్చే డిల్టియాజెమ్ తయారీకి జపాన్ కంపెనీ తనాబె, సెరేషియా అనే బ్యాక్టీరియా లైపేజ్‌ను వాడింది. కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా ఉండే రెండు జంట అణువుల్లో ఒకదాన్నే అది విడగొడుతుంది. ఇలాంటి చోట రెండింటినీ కొరికే ఎంజైమ్ ఏదైనా పక్కన కలిసి ఉంటే శ్రమంతా వృథా.

లైపేజ్‌లో ఇంకో చిక్కుంది, జిగట. చాలా లైపేజ్‌ల పనిచేసే చోటును ఒక మూత కప్పి ఉంచుతుంది. కొవ్వు బిందువు తగిలితే మూత తెరుచుకుని, నూనెను ఇష్టపడే భాగం బయటపడుతుంది. ఆ భాగం మరో లైపేజ్‌కూ, బ్యాక్టీరియా పైపొర తునకలకూ అతుక్కుంటుంది. ముద్ద కట్టిన ఎంజైమ్‌ను పరిమాణాన్ని చూసే కాలమ్ పోల్చుకోలేదు. ఆ ముద్దను విడదీయడానికి కాస్త డిటర్జెంట్ కలపాల్సి వస్తుంది.

ఈ జిగటనే కొందరు పనిముట్టుగా మార్చుకున్నారు. నూనె గుణమున్న పూసల మీదుగా, లవణం తక్కువగా ఉన్న తేటను పోస్తే మిగతా ప్రొటీన్లలో చాలావరకు జారిపోతాయి. లైపేజ్ మూత తెరుచుకుని పూసను పట్టుకుంటుంది. దాన్ని మళ్లీ విడదీయనక్కర్లేదు. కడిగిన ఆ పూసలనే పాత్రలో నింపి నూనె పోస్తే, శుద్ధి జరిగిన చోటే పని మొదలవుతుంది.