వచ్చే వారం – గెలెజెక్ హఫ్తా

మా మేనకోడలు పుణెలో పుట్టి పెరిగింది. ఉద్యోగరీత్యా ఇస్తాంబుల్ వెళ్ళవలసి వచ్చి తుర్కీ భాష నేర్చుకుంటోంది. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు, "మామయ్యా, ఈ భాషలో ఇంగ్లీషులోలాగా 'హూ', 'విచ్' లేవు. వాక్యం ఎలా కట్టాలో తెలియడం లేదు" అని వాపోయింది.

"మన తెలుగులో మాత్రం ఉన్నాయా?" అన్నాను.

నిజమే కదా! మనం "నేను చదివిన పుస్తకం" అంటాం. "ఏ పుస్తకమైతే నేను చదివానో ఆ పుస్తకం" అని ఇంట్లో ఎవరంటారు? చదివిన, చదువుతున్న, చదివే, చదవని – వీటిని ధాతుజ విశేషణాలంటారు. క్రియనే విశేషణం చేసి నామం ముందు నిలబెడతాం.

తుర్కీ వారిదీ ఇదే పద్ధతి. 'గెల్' అంటే రావడం, 'చోజుక్' అంటే పిల్లవాడు. 'గెలెన్ చోజుక్' వచ్చిన పిల్లవాడు; 'గెల్మెయెన్ చోజుక్' రాని పిల్లవాడు. హఫ్తా అంటే వారమని హిందీ తెలిసిన మనకు చెప్పనక్కరలేదు. 'గెచెన్ హఫ్తా' పోయిన వారం, 'గెలెజెక్ హఫ్తా' వచ్చే వారం. రోజులను వాళ్ళూ మనలాగే నడిపిస్తారు!

తిరునల్వేలి ప్రాంతంలో స్థిరపడి, 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం ప్రచురించిన రాబర్ట్ కాల్డ్వెల్ ఇలాంటి పోలికలు చూసే మన భాషలకు తుర్కీ వంటి భాషలతో చుట్టరికం కలిపారు. ఆ చుట్టరికం రుజువు కాలేదు. నేటి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు.

పోలిక ఉంది గదా అని ధీమాగా ఉంటే మాత్రం చిక్కే. "అడిగిన పిల్లవాడు" అంటే మనల్ని అడిగినవాడా, మనం అడిగినవాడా? తెలుగు దాన్ని సందర్భానికి వదిలేస్తుంది. (పెళ్ళి సంబంధాల దగ్గర "మొన్న అడిగిన పిల్ల" అంటే ఎంత గందరగోళమో!) తుర్కీ అలా వదలదు. వాడే అడిగితే 'సొరాన్ చోజుక్'. వాణ్ణి నేను అడిగితే 'సొర్దూమ్ చోజుక్', నువ్వు అడిగితే 'సొర్దూన్', మేము అడిగితే 'సొర్దూముజ్'. అడిగినది ఎవరో క్రియ చివరే తెలిసిపోతుంది. ముందున్న అచ్చును బట్టి ఈ ప్రత్యయాల అచ్చులూ మారతాయి. అందుకే అక్కడ 'గెలెన్', ఇక్కడ 'సొరాన్'.

ఇంకో తిరకాసు. మనం "నేను చదివిన" అంటే వాళ్ళు 'బెనిమ్ ఒకుదూమ్ కితాప్' అంటారు. మాటకు మాట పెడితే "నా చదివిన పుస్తకం". తెలుగులో అలా అంటే అమ్మమ్మ ఊరుకోదు. కానీ మా అమ్మాయికి అది వింతగా తోచలేదు. "హిందీలో 'మేరీ పఢీ హుయీ కితాబ్' అంటాం కదా మామయ్యా" అంది. నాకు తట్టలేదు సుమా!

కాలం విషయంలో మనదే పైచేయి. మన 'చదివిన', 'చదువుతున్న' రెండింటికీ వాళ్ళకు 'ఒకుదూమ్' ఒక్కటే చాలు. ఏది అన్నది సందర్భమే చెప్పాలి.

ఆ సాయంత్రమంతా అమ్మాయి నోటుబుక్కులో ఒక పక్క తుర్కీ, పక్కనే తెలుగు రాసుకుంటూ కూర్చుంది. తొంగి చూశాను. చదివిన, అడిగిన, రాని, పోయిన – అన్నీ దేవనాగరి అక్షరాల్లో ఉన్నాయి. తెలుగు లిపి ఆ పిల్లకు ఇంకా రాదు.