చందా ఆగిన రోజు

మీ చేతిలో ఉన్న ఈ పత్రికకు చందా కట్టడం మానేస్తే వచ్చే నెల నుంచి కొత్త సంచిక రాదు, అంతే. అటక మీద దాచుకున్న పాత సంచికల్ని ఎవరూ వచ్చి పట్టుకుపోరు. క్లౌడ్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు కట్టేదీ చందాయే, కానీ అది ఆగిన రోజు జరిగేది వేరు. అందుకే కొనాలా, చందా కట్టాలా అని ఎవరైనా అడిగితే నేను ధర కన్నా ముందు ఆ రోజు సంగతి చెబుతాను.

మైక్రోసాఫ్ట్ 365 గడువు తీరిపోతే కంప్యూటర్లో ఉన్న వర్డ్, ఎక్సెల్ కొద్దిరోజులకు చదువుకోవడానికీ, ప్రింటు తీసుకోవడానికీ మాత్రమే పనికొస్తాయి. కొత్త ఫైలు మొదలుపెట్టలేం, పాతది దిద్దలేం. చందాతో వచ్చిన 1 టెరాబైట్ వన్‌డ్రైవ్ చోటు 5 జీబీకి తగ్గిపోతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిళ్లకూ, ఫొటోలకూ, ఫైళ్లకూ అన్నిటికీ కలిపి. రెండేళ్లపాటు అసలు వాడని ఖాతాను ఆ సంస్థ పూర్తిగా తొలగించవచ్చు కూడా.

మరి ఇన్ని చిక్కులున్నప్పుడు జనం ఎందుకు కడుతున్నారు? ఎందుకంటే సొంత కంప్యూటర్లోని ప్రోగ్రాం ఒంటరిగా చేయలేని పని ఒకటుంది: ఒకే కాగితం మీద ఒకేసారి నలుగురు రాయడం. చూడటానికి మామూలుగా ఉంటుంది గానీ, లోపల జరిగేది చాలా అందమైన లెక్క.

‘సభ ఆరు గంటలకు’ అనే వాక్యం ఉందనుకోండి. కంప్యూటర్ గుణింతపు గుర్తుల్ని కూడా విడిగా లెక్కిస్తుంది. స, భ, ఖాళీ దాటాక ‘ఆ’ నాలుగో స్థానంలో ఉంది. విజయవాడలో ఒకరు వాక్యం ముందు ‘రేపు’ చేర్చారు. సరిగ్గా అదే క్షణంలో వరంగల్‌లో మరొకరు ‘ఆరు’ తీసి ‘ఏడు’ పెట్టారు. వరంగల్ నుంచి సర్వర్‌కు చేరే ఆదేశం ఇది: నాలుగో స్థానం నుంచి మూడు గుర్తులు తీసి ‘ఏడు’ పెట్టు. కానీ ర, ఏత్వం, ప, కొమ్ము, ఖాళీ కలిసి అయిదు గుర్తులు ఈలోగా ముందు చేరిపోయాయి. ఆదేశాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే ‘పు’ కొమ్మూ, ఖాళీ, ‘స’ ఎగిరిపోయి ‘రేపఏడుభ ఆరు గంటలకు’ మిగులుతుంది. అందుకని సర్వర్ నాలుగుకు అయిదు కలిపి, ఆదేశాన్ని తొమ్మిదో స్థానానికి జరుపుతుంది. ‘రేపు సభ ఏడు గంటలకు’ అని ఇద్దరికీ ఒకేలా కనిపిస్తుంది.

ఈ పద్ధతి పేరు ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్. అమెరికాలో క్లారెన్స్ ఎలిస్, సైమన్ గిబ్స్ దీన్ని 1989లో ప్రతిపాదించారు. అప్పటికి ఇంటింటా ఇంటర్నెట్ లేదు. గూగుల్ డాక్స్ నడిచేది ఈ ఆలోచన మీదే. ఈ లెక్క క్షణక్షణం సాగాలంటే నడుమ ఒక సర్వర్ నిద్రపోకుండా కూర్చోవాలి. చందాలో మనం కట్టేదాంట్లో కొంత ఆ కాపలాకే. ఆ సర్వర్లు ఉండేది ఆకాశంలో కాదు, కరెంటూ చల్లదనమూ తెగ కావాల్సిన పెద్ద పెద్ద భవనాల్లో. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో అలాంటి కేంద్రాల సముదాయాన్నే తెరిచింది.

ఒక్కరే కూర్చుని ఉత్తరాలు, బిల్లులు రాసుకునేవాళ్లకు ఈ కాపలాతో పనిలేదు. వాళ్లకు లిబ్రేఆఫీస్ చాలు. అది పూర్తిగా ఉచితం, నెట్ లేకున్నా నడుస్తుంది. డబ్బు పెట్టి కొన్నదీ కలకాలం ఉండదని మాత్రం గుర్తుంచుకోవాలి. ఆఫీస్ 2019కి భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆఫీస్ 2024కి 2029 అక్టోబరు దాకా వస్తాయి. కాబట్టి కొనుగోలు ధరను ఏడాది చందాతో భాగించి చూడండి. వచ్చిన అంకె ఆ గడువులో మిగిలిన ఏళ్లకన్నా తక్కువైతే కొనడమే లాభం.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా వేధించేది ఫైలు రూపం. తెలుగు డీటీపీ చేసినవాళ్లకు ఈ నొప్పి తెలుసు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. అయినా మన అచ్చు పని ఎన్నో ఏళ్లు పాత ఫాంట్లతోనే సాగింది. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలుండేవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కథలూ కవితలూ అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తాయి. ఫైలు చెక్కుచెదరలేదు, చదివే దారే మూసుకుపోయింది. క్లౌడ్‌లోనూ అలాంటి గొయ్యి ఒకటుంది. గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలుపుకుంటే ఫోల్డర్లో డాక్స్ ఫైళ్లు కనిపిస్తాయి. నిజానికి అవి చిరునామా చీటీలు మాత్రమే. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే వెళ్లేది చీటీయే, లోపలి రాత కాదు. వర్డ్ రూపంలోనో, ఓపెన్‌డాక్యుమెంట్ రూపంలోనో డౌన్‌లోడ్ చేస్తేనే అసలు మన చేతికొస్తుంది.

ఇంకొక పొరపాటు: ఫైళ్లను అన్ని యంత్రాల్లో ఒకేలా ఉంచే సింక్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనుకోవడం. సింక్ మన తప్పును కూడా నమ్మకంగా మోసుకెళుతుంది. ఫోన్లో పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే కంప్యూటర్లోనూ చెరుగుతుంది.

మా అక్కయ్య పచ్చళ్ల వ్యాపారానికి చందా కట్టాలా అని పోయిన ఏడాది అడిగింది. ఆర్డర్ల పట్టిక ఒక్కటే తనూ, హైదరాబాద్‌లో ఉన్న కొడుకూ, లెక్కలు చూసే అబ్బాయీ కలిసి రాసేది. దాన్ని ఉచిత ఖాతాలో ఉంచాం. బిల్లులు లిబ్రేఆఫీస్‌కు మార్చాం. ఆ పట్టిక ఏడాదికి ఎంత పెరుగుతుందో చూస్తే 15 జీబీ నిండేలా లేదు, అందుకే చందా వద్దన్నాను. ప్రతి నెలా ఒకటో తారీకున అక్కయ్య ఆ పట్టికను డౌన్‌లోడ్ చేసి విడి హార్డ్‌డిస్క్‌లో పెడుతుంది. వైఫై ఆపేసి ఒకసారి తెరుస్తుంది. మొన్న అలా తెరిచినప్పుడు మొత్తాలు చూపించే వరుసలో సూత్రం పనిచేయలేదు. ఇద్దరం కూర్చుని, అసలు పట్టిక ఇంకా క్లౌడ్‌లో ఉండగానే, దాన్ని సరిచేసుకున్నాం.