అరకులోయ విహారము: గృహిణులకు కొన్ని సూచనలు

సెలవులు వచ్చినంతనే “ఎక్కడికైనను పోవుదము” అని పిల్లలు మారాము చేయుట ప్రతి గృహమునందును ఉన్నదే. ఇట్టి సందర్భమున నేడు మొదట వినవచ్చునది వినోదవనముల పేరు. 1955లో అమెరికాయందు డిస్నీలాండు వెలసిన పిమ్మట దేశదేశముల ఇట్టి వనములు పుట్టినవి. మన హైదరాబాదు చెంత రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో ఏర్పడినది. అట్టి చోట్ల కొండలును గుహలును మనుష్యుడు కట్టినవి. టిక్కెట్టు కొన్నవారికి అన్నియు చూపబడును. అరకులోయలో కొండ నిజమైన కొండ, గుహ నిజమైన గుహ. అందలి జనులు వేషధారులు కారు. అది వారి నివాసము. ఈ భేదము నెరిగి పోయినవారికే ఆ యాత్ర పూర్ణఫలము నిచ్చునని మా యభిప్రాయము.

అరకు విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నిది చేరినది. పెక్కు కుటుంబములవారు తెల్లవారుజామున బయలుదేరి, అన్నియు ఒక్క పగటిలో చూచి, రాత్రికి విశాఖ చేరవలెనని తొందరపడుదురు. పోవుటకు నాలుగు గంటలు, వచ్చుటకు నాలుగు గంటలు! పసిపిల్లలు అలసి యేడ్తురు, పెద్దవారికి కాళ్లు లాగును. కనీసము రెండు రాత్రులు నిలువ వీలున్నప్పుడే ఈ యాత్ర పెట్టుకొనుట మేలు.

పోవునప్పుడు రైలులోను, వచ్చునప్పుడు రోడ్డు మార్గమునను ప్రయాణించిన రెండు సొగసులును చూడవచ్చును. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 తరువాతి సంవత్సరములలో ఈ రైలుమార్గము వేయబడినది. కొండల తొలిచిన సొరంగములు యాభైకి పైగా నున్నవి. పిల్లలచేత వాని లెక్క వేయించినచో గంటలు తెలియకయే గడచిపోవును. 2017 నుండి విస్టాడోమ్ అను అద్దపుపెట్టె కూడ ఈ మార్గమున నడుచుచున్నది. దానికి ముందుగానే టిక్కెట్లు తీసికొనవలెను. రోడ్డు మలుపులలో పిల్లలకు కడుపులో త్రిప్పుట సహజము. బయలుదేరుటకు ముందు కొద్దిపాటి ఆహారము పెట్టి, అల్లపు మురబ్బాయో నిమ్మకాయయో చెంత నుంచుకొనుడు.

బొఱ్ఱా గుహలు సున్నపురాతిలో నీటిచేత తొలువబడినవి. వాననీరు సున్నమును కరగించుకొని బొట్టుబొట్టుగా జారి, పైనుండి వ్రేలాడు రాతికొనలను, క్రిందినుండి లేచు స్తంభములను వేలకొలది యేండ్లలో నిర్మించినది. ఒక్క బొట్టు ఎంత పని చేయునో పిల్లలకు చూపుటకు ఇంతకంటె మంచి పాఠశాల లేదు. మెట్లు తడిగానుండును, జారని చెప్పులు వలయును. మోకాళ్ల నొప్పి గల అత్తమామలను బలవంతముగా దింపక, వారికి తోడుగా ఒకరు పైన నిలుచుట మంచిది. వెలుపల కోతులు మెండు. చేతిలో తినుబండారము లుంచరాదు.

పద్మాపురపు తోట 1942లో, యుద్ధకాలమున సైనికులకు కూరగాయల నందించుటకై వేయబడినది. నేడందు చిట్టి రైలున్నది. చిన్నపిల్లలకు అదే స్వర్గము. గిరిజన మ్యూజియములో కొండవారి పనిముట్లు, నగలు, గృహోపకరణములు చూపబడినవి. దానిని మొదటిదినముననే చూచినచో తరువాత సంతలో కన్పట్టునవి బోధపడును. చాపరాయివద్ద నీరు లోతులేనట్లు తోచినను రాయి పాకుడుపట్టి యుండును. పిల్లల చేయి విడువరాదు.

నవంబరు, డిసెంబరు మాసములలో వలిసెచేలు పసుపుపచ్చగా పూచి కన్నుల పండువు చేయును. అప్పుడు చలి యెక్కువ గాన ఉన్ని బట్టలు మరువరాదు. వలిసె నూనెగింజ, ఆ చేను ఒక సంసారమునకు జీవనాధారము. ఫొటోకై అందు దిగి త్రొక్కుట మన పెరటి కూరమడిని పరులు త్రొక్కినట్లే. ఇచటి కాఫీతోటలలో నీడచెట్లకు మిరియపు తీగెలు ప్రాకి యుండును. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతలో పసుపు, తేనె, చోళ్లు, కొండచీపుళ్లు, అడ్డాకులు దొరకును. పట్టణమున అడిగిన వెల ఇచ్చెడి మనము, బుట్ట నెత్తిన పెట్టుకొని కొండ దిగివచ్చిన వనితయొద్ద రెండు రూపాయలకై బేరమాడుట తగదు.

థింసా నృత్యమున స్త్రీలు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసి వలయముగా నడుగులు వేయుదురు. చూచి యానందింపవచ్చును, ఆ స్త్రీల యనుమతి లేక ఫొటో తీయుట, వారి కట్టుబొట్టులను చూచి నవ్వుట కూడదు. పిల్లలు మన మాటలను విని నేర్చుకొందురు. ఈ నేలకై వీరు న్యాయస్థానములకును పోయిరి. అనంతగిరి, బొఱ్ఱా ప్రాంతపు గనుల విషయమై సమత సంస్థ నడపిన వ్యాజ్యమున, షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వభూమినైనను గిరిజనేతరులకు గనుల కౌలుకిచ్చుట చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మనము చూచి మురియు ఆ పచ్చదనమును కాపాడుటలో వీరి పాలు గొప్పది.

ఇక ముఖ్యమైన మాట. యాత్రలో ఇంటిల్లిపాదికి సెలవు దొరకును. గృహిణికి మాత్రము వంటయిల్లు చోటు మారును. పులిహోర కట్టుట, పాలు కాచుట, తడిబట్ట లారవేయుట, పోయిన మేజోడు వెదకుట, అన్నియు ఆమె పనులే. కావున బయలుదేరుటకు ముందే పనులు పంచుడు. పెద్దపిల్లవాడు నీళ్లసీసా మోయవలెను; పిల్లల స్నానములు తండ్రి చూడవలెను; మొదటిపూటకు మాత్రము ఇంటినుండి అన్నము కట్టి, తక్కిన పూటలు బసలో భుజింపుడు. చూడవలసిన చోట్లలో ప్రతివారును ఒక్కటి కోరుకొనునట్లు నియమము పెట్టి, తల్లి కోరికను కూడ అందు చేర్పుడు. రెండవదినము మధ్యాహ్నమున ఏ పనియు పెట్టుకొనక, ఆమె వరండాలో కూర్చుండి, ఇతరులు తెచ్చి యిచ్చిన కాఫీ వేడిగా త్రాగుచు, కొండలపై మంచు దిగుట చూడవలెను. ఈ భాగమును ఇంటి యజమానులకు చదివి వినిపించిన నష్టము లేదు.