అమ్మమ్మ ఆగితే మీరూ ఆగండి



సాయంత్రం గేట్ డ్యూటీలో నేను తరచూ చూసే దృశ్యం ఇది. ఒక భుజాన మనవడి బ్యాగు, ఇంకో చేతిలో వాడి చెయ్యి. అమ్మమ్మ రోడ్డు దాటుతుంటే ఫోన్ మోగుతుంది. "బాబు వచ్చాడా? టిఫిన్ బాక్స్ ఖాళీ చేశాడా?" జవాబు చెప్పడానికి ఆవిడ రోడ్డు మధ్యలోనే ఆగిపోతారు. వెనక ఆటో హారన్ కొడుతుంది.

ఆవిడ ఎందుకు ఆగారు? నడక అలవాటైన పనే అయినా, అడుగు ఎక్కడ వేయాలి, తూలకుండా ఎలా నిలబడాలి అన్నది మెదడు ప్రతి క్షణం చూసుకోవాలి. వయసు పెరిగేకొద్దీ చూపు, కాళ్ల బలం, పాదాల స్పర్శ తగ్గుతాయి. అందుకే నడకకే ఎక్కువ శ్రద్ధ ఖర్చవుతుంది. మాటకు మిగిలేది తక్కువ.

స్వీడన్ పరిశోధకులు వృద్ధుల వసతి గృహాల్లో 58 మందిని నడిపిస్తూ మాట కలిపారు. వారిలో 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది కిందపడ్డారు. 1997లో లాన్సెట్ పత్రికలో ఇది వచ్చింది. ఆగడం వల్ల పడ్డారని కాదు. ఆగడం ఒక హెచ్చరిక అని.

మరి వయసులో ఉన్నవాళ్లం? మన కాళ్లు ఆగవు, కళ్లు చూడవు. అమెరికాలో వెస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీ ఆవరణలో ఒంటిచక్రం సైకిల్ మీద జోకర్‌ను తిప్పారు. ఫోన్ మాట్లాడుతూ నడిచినవాళ్లలో నలుగురికి ఒక్కరే గమనించారు. ఫోన్ లేకుండా ఒంటరిగా నడిచినవాళ్లలో దాదాపు సగం మంది చూశారు.

ఈ నెల నుంచి ఇవి పాటిద్దాం:

1. పికప్ టైమ్‌లో పెద్దవాళ్లకు ఫోన్ చేయకండి. ఇల్లు చేరాక వాళ్లనే ఒక మిస్డ్ కాల్ ఇవ్వమనండి.
2. రోడ్డు దాటేటప్పుడు ప్రశ్నలు వద్దని, స్కూల్ కబుర్లు ఇంటికెళ్లాకేనని పిల్లలకు చెప్పండి. బ్యాగు వాళ్లనే మోయనివ్వండి.
3. మాట్లాడటానికి తాతగారు ఆగితే విసుక్కోకండి. రోడ్డు పక్కకు తీసుకెళ్లి, మాట ముగిశాకే నడవండి. ఇలా తరచూ ఆగుతున్నా, తూలుతున్నా డాక్టర్‌కు చూపించండి.
4. రోడ్డు మీద మీ ఫోన్ కూడా జేబులోనే ఉండాలి. పిల్లలు మన మాట కన్నా మన నడకనే నేర్చుకుంటారు.

మా అమ్మమ్మ గుడికి వెళ్లే వేళకే నేనూ రోజూ ఫోన్ చేసేదాన్ని. ఇది చదివాక ఆ టైమ్ మార్చుకున్నాను. మీరూ మార్చుకుంటారని ఆశిస్తూ,

మీ క్లాస్ టీచర్