రైలు మరిచిన ఊరు

మద్రాసు ఎగ్మూరు స్టేషన్లో కొలంబోకి టికెట్టు ఇచ్చేవారు... విమానానికి కాదు, రైలుకి! మధ్యలో సముద్రం ఉంది కదా అంటారా? దాన్ని దాటించే బాధ్యత ధనుష్కోటి స్టేషనుది.

రామేశ్వరం దీవి కొసన, ఓ పక్క బంగాళాఖాతం, మరో పక్క మన్నారు సింధుశాఖ. రెంటి నడుమ సన్నటి ఇసుక మేట. 1914లో పాంబన్ వంతెన పూర్తవడంతో 'బోట్ మెయిల్' ఇక్కడిదాకా వచ్చింది. రైలు దిగి, రేవులో స్టీమరెక్కితే సుమారు 35 కిలోమీటర్ల అవతల సిలోన్‌లోని తలైమన్నారు. అక్కడ మళ్లీ కొలంబో రైలు. దాంతో ఇసుక మీద ఓ ఊరే వెలిసింది. కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, బడి, చర్చి... ఒకటేమిటి! సేతుస్నానం కోసం వచ్చే తెలుగు యాత్రికులూ ఈ స్టేషన్లోనే దిగేవారు.

1964 డిసెంబరు 22. అర్ధరాత్రి కావస్తోంది. హోరుగాలిలో పాంబన్ నుంచి 653 నంబరు ప్యాసింజరు బయల్దేరింది. అందులో వందమందికి పైనే ఉన్నారు. ధనుష్కోటి ఇక కాస్త దూరమే. కానీ సిగ్నల్ దీపం వెలగలేదు. డ్రైవరు కాసేపు ఆగాడనీ, ఈల వేసి చూశాడనీ, చివరికి ధైర్యం చేసి ముందుకే నడిపాడనీ చెబుతారు. ఆగి ఉంటే బతికేవారా? ఎవరూ చెప్పలేరు. ఒక్క ఉప్పెన కెరటం రైలు మొత్తాన్ని ముంచేసింది. ఒక్కరూ మిగల్లేదు. తెల్లారేసరికి ఊరూ లేదు. ఆ తుపానులో సుమారు 1800 మంది చనిపోయారని అంచనా. అప్పుడు రామేశ్వరం యాత్రలో ఉన్న మన సావిత్రి, జెమినీ గణేశన్ క్షేమంగా బయటపడ్డారు.

పాంబన్ వంతెన గడ్డర్లు చాలావరకు కొట్టుకుపోయాయి. బాగు చేయడానికి ఆరు నెలలన్నారు. 46 రోజుల్లో ముగించిన యువ ఇంజినీరు ఎవరో కాదు, తర్వాత 'మెట్రో మ్యాన్'గా పేరొందిన ఇ.శ్రీధరన్. ఆయన చదివింది మన కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలోనే!

రామేశ్వరానికి రైలు తిరిగొచ్చింది. ధనుష్కోటికి మాత్రం రాలేదు. ఆ ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. స్టీమర్లు రామేశ్వరానికి మారాయి. 1980లలో శ్రీలంక అల్లర్లతో అవీ ఆగిపోయాయి.

2017లో తారు రోడ్డు వేశాక యాత్రికులు వాహనాల్లోనే వెళ్తున్నారు. దారి పక్కనే స్టేషను మొండిగోడలు కనిపిస్తాయి. ఆవిరి ఇంజిన్లకు నీళ్లు పట్టిన ట్యాంకు తాలూకు కట్టడమూ ఉంది. పట్టాలు మాత్రం ఇసుకలో ఎక్కడో!