కేటలాగులో పాఠకుల రాతలు

పుస్తకం పేరు, రచయిత, విషయం, ఏ బీరువాలో ఉందో చెప్పడం వరకే లైబ్రరీ కేటలాగు పని. చదివినవాళ్లు ఏమనుకున్నారో దానికి పట్టేది కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ జిల్లా లైబ్రరీ 2007లో ఆ తలుపు తెరిచింది. జాన్ బ్లైబర్గ్ తయారుచేసిన ‘సోపాక్’ అనే సాఫ్ట్‌వేర్‌తో పాఠకులు కేటలాగులోనే రేటింగు ఇవ్వొచ్చు, సమీక్ష రాయొచ్చు, తమకు తోచిన మాటను ట్యాగుగా తగిలించొచ్చు.

ఈ ట్యాగు ఎందుకంటే, లైబ్రరీ సిబ్బంది విషయ శీర్షికలను ఒక నిర్ణీత జాబితా నుంచే తీసుకోవాలి. ఆ జాబితా నింపాదిగా కదులుతుంది. జనమంతా ‘కుకింగ్’ అంటుంటే, అలాంటి జాబితాను నడిపే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010 దాకా ‘కుకరీ’ అనే రాసింది. పాఠకుడికి ఆ కట్టుబాటు లేదు, నోటికొచ్చిన మాటే రాస్తాడు. ‘చదవాలి’, ‘నా దగ్గరుంది’ లాంటివీ రాస్తాడు, అవి ఇంకెవరికీ అక్కరకు రావు. అందుకే ట్యాగు శీర్షికకు తోడుగా ఉండాలి తప్ప దాని కుర్చీలో కూర్చోకూడదు.

అసలు చిక్కు జనం చాలకపోవడం. ఒక ఊరి లైబ్రరీలో పుస్తకాలు లక్షల్లో ఉంటే, పనిగట్టుకుని రాసేవాళ్లు కొద్దిమంది. అన్ని పేజీల్లోనూ ‘సమీక్షలు లేవు’ అని కనబడటం కంటే అసలు సమీక్షల పెట్టె లేకపోవడమే నయం. అందుకే కొందరు బయటి రాతలను తెచ్చుకునే దారి చూశారు. 2005లో టిమ్ స్పాల్డింగ్ మొదలుపెట్టిన లైబ్రరీథింగ్ అనే వెబ్‌సైటులో సభ్యులు సొంత పుస్తకాలకు ట్యాగులు రాసుకునేవారు. 2007 నుంచి ఆ సంస్థ వాటిని లైబ్రరీల కేటలాగులకు అందించసాగింది. కెనడాకు చెందిన బిబ్లియోకామన్స్ అయితే ఒక లైబ్రరీలో రాసిన సమీక్ష మిగతా సభ్య లైబ్రరీల్లోనూ కనబడేలా చేసింది. నా లెక్కలో ఇలా రాతలను పంచుకోవడమే దారి.

గోప్యత సంగతీ ఉంది. ఎవరు ఏం చదివారో బయటపెట్టకపోవడం లైబ్రరీల పాత నియమం. పుస్తకం తిరిగి రాగానే ఆ వివరం చెరిపేసే లైబ్రరీలున్నాయి. కాబట్టి పాఠకుడు చదివిన పుస్తకాల జాబితా అతను తెరిస్తేనే ఇతరులకు కనబడాలి.

ఇక లైబ్రరీథింగ్ లాంటి చోట్ల నుంచి వచ్చే ట్యాగులను అతికించడానికి ఆధారం ఎక్కువగా పుస్తకానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరు. ఆ నంబరు పద్ధతి 1970 ప్రాంతంలో వచ్చింది. అంతకుముందు అచ్చయిన తెలుగు పుస్తకాలకు అది లేదు, ఆ తర్వాత వచ్చినవాటిలోనూ చాలావాటికి లేదు. అలాంటి పుస్తకానికి ట్యాగు బయటినుంచి వచ్చి చేరదు, దాన్ని చదివినవాళ్లే తమ లైబ్రరీ కేటలాగులో రాయాలి.