ఇరవై గుంటల లెక్క

ఒక మడి పొడవు, వెడల్పు కంటే 11 గజాలు ఎక్కువ. విస్తీర్ణం 20 గుంటలు. కొలతలెంత?

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలో పదో తరగతి చదివే పిల్లకు ఈ లెక్క హోంవర్కుగా ఇస్తే మొదటి మెట్టు ఇంట్లోవాళ్లే ఎక్కించగలరు. తెలంగాణ పల్లెల్లో భూమి సంగతంతా ఎకరాలు, గుంటల్లోనే నడుస్తుంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. అంటే అటు 11 గజాలు, ఇటు 11 గజాలు. అడుగుల్లో 33. ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు 17వ శతాబ్దంలో సర్వే కోసం తయారుచేసిన 66 అడుగుల గొలుసులో ఇది సరిగ్గా సగం.

ముందు గుంటల్ని గజాల్లోకి మార్చాలి: 20 × 121 = 2420. చాలామంది తడబడేది ఇక్కడే. పొడవు గజాల్లోనూ విస్తీర్ణం గుంటల్లోనూ ఉంచేసి సమీకరణం రాస్తారు, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా జవాబు రాదు.

తర్వాత తెలియనిదానికి పేరు పెట్టాలి. బడిలో ఎక్స్ అంటారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు నలుపు, నీలం, పసుపు అంటూ రంగుల పేర్లు వాడాడు. మనం వెడల్పును ‘వ’ అందాం. పొడవు వ + 11. రెండూ గుణిస్తే 2420 రావాలి:

వ² + 11వ − 2420 = 0

గుణిస్తే 2420, తీసేస్తే 11 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. 2420ని విడగొడితే 2 × 2 × 5 × 11 × 11. కాస్త అటూ ఇటూ జతకడితే 44, 55 దొరుకుతాయి. కాబట్టి (వ + 55)(వ − 44) = 0. వ విలువ 44, లేదా −55. మైనస్ వెడల్పున్న మడి ఎక్కడా ఉండదు, దాన్ని కొట్టేయాలి. ఎందుకు కొట్టేశామో ఒక వాక్యం రాయాలి కూడా. వెడల్పు 44 గజాలు, పొడవు 55. గుణించి చూస్తే 2420, సరిపోయింది.

గట్లన్నీ మూలమట్టంగా ఉంటే ఇంతే. ఉండవు కదా! వంకర పొలానికి ఎదురెదురు భుజాల సరాసరులు తీసి గుణించడం పాత పద్ధతి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో దీన్ని ఉజ్జాయింపు లెక్కగా చెప్పి, సూక్ష్మమైన లెక్కను వేరుగా ఇచ్చాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

నాలుగు వైపులా 22 గజాలున్నా మూలమట్టం తప్పి పక్కకు ఒరిగిన చెలక తీసుకుందాం. సరాసరి లెక్కలో 22 × 22 = 484, నిండుగా 4 గుంటలు. ఇప్పుడు ఎదురెదురు మూలల్లో దగ్గరగా ఉన్న జత మధ్య టేపు పట్టండి. అదీ 22 గజాలే వస్తే, చెలక రెండు సమబాహు త్రిభుజాలన్నమాట. ఒక్కోదాని ఎత్తుకు పైథాగరస్: 22² − 11² = 363, దాని వర్గమూలం సుమారు 19.05. ఒక త్రిభుజం సగం × 22 × 19.05, దాదాపు 209.6 చదరపు గజాలు. రెండూ కలిపితే 419.

తేడా 65 చదరపు గజాలు, అర గుంట పైమాటే. పైగా ఈ తప్పు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది: సరాసరి పద్ధతి పొలాన్ని పెంచి చూపిస్తుందేగాని తగ్గించదు. అమ్మేవాళ్లు నాలుగు గట్లూ కొలిచి ఊరుకుంటే, మూలకు మూల కూడా కొలవమని అడగాల్సింది కొనేవాళ్లే.